అమ్మణ్ణి గుర్తుపట్టని గుండు

చదివిన పుస్తకాల మీద నాకు గట్టి నమ్మకం ఉన్న రోజులవి. తొంభైల మొదట్లో, పశువైద్యం పట్టా చేతికొచ్చిన ఏడే, రేణిగుంటకు కాస్త దూరంలో పందెపు గుర్రాలను పెంచే ఒక తోటలో ఉద్యోగం దొరికింది. యజమాని మద్రాసులో ఉండేవాడు. తోటలో ముప్పై గుర్రాలు, పదిమంది పనివాళ్లు, నేను. గుర్రం గురించి అచ్చులో ఉన్నదంతా నాకు తెలుసు. గుర్రం దగ్గరికి వెళ్లడమే తెలియదు. (మొదటి వారం ఏ గుర్రాన్ని చూడమన్నా కిటికీలోంచి చూసి, ఆరోగ్యం బాగుందని తేల్చేసేవాణ్ణి.) తెల్లవారగానే నానబెట్టిన ఉలవలు, తవుడు పెట్టాలి. తర్వాత ఒళ్లు రుద్ది దువ్వాలి. ఎండెక్కేలోగా తల్లుల్నీ పిల్లల్నీ బయట తిప్పాలి. సాయంత్రం ఒక్కో కాలూ ఎత్తి గిట్టలు శుభ్రం చేయాలి. ఇవన్నీ పనివాళ్లు చేస్తుంటే నేను తల ఊపేవాణ్ణి.

వాళ్లలో పెద్దవాడు పాకాల వైపు మనిషి. అరవై దగ్గరపడినా భుజాల దాకా ఒత్తయిన జుట్టు ఉండేది కాబట్టి అందరూ జుట్టుమామ అనేవాళ్లు. ఆయన చూసుకునే ఆడగుర్రానికి రిజిస్టరులో ఏదో ఇంగ్లీషు పేరుంది. మామ మాత్రం అమ్మణ్ణి అనేవాడు. లాయంలోకి వెళ్లగానే ఆయన దాని ముందు తల వంచేవాడు. అది ఆ జుట్టును పెదాలతో పట్టుకుని, కళ్లు సగం మూసి, నెమ్మదిగా నములుతూ నిలబడేది. ఆ తర్వాతే ఒంటి మీద చెయ్యి వెయ్యనిచ్చేది. ఇది శాస్త్రీయం కాదని నేను ఒకసారి చెప్పాను. "మామా, ఈ అలవాటు మంచిది కాదు" అన్నాను. "అలవాటు నాది కాదప్పా, దానిది. నువ్వే దానికి సెప్పు" అన్నాడాయన, తల వంచుకునే.

అమ్మణ్ణికి తొలిచూలు. ప్రసవం కష్టమైంది. నేను ఒక చేతిలో పుస్తకంతో నిలబడి ఉంటే, మామ కొండ వైపు తిరిగి, "తల్లీ పిల్లా దక్కితే నా జుట్టిస్తా సామీ" అని మొక్కుకున్నాడు. ఇద్దరూ దక్కారు. కానీ కొత్త తల్లికి చక్కిలిగింత. పిల్ల మూతి పొదుగుకు తగిలితే చాలు, కాలు విసిరేది. మామ జుట్టు నోట్లో ఉన్నంతసేపే ఒళ్లు మరిచిపోయి పాలిచ్చేది. అందుకని రెండురోజులు గంటగంటకూ ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. మూడోరోజు వాళ్లావిడ వచ్చింది. "దేవునికి మాటిచ్చి, ఈడ గుర్రానికి తలొంచుకోని నిలబడుకోనుండావా?" అని కేకలేసింది.

"మీరు వెళ్లిరండి మామా, నేనున్నాను కదా" అన్నాను. (ఆయన కొండ మీద ఏమిచ్చి వస్తాడో మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఒకరికి భక్తి ఎక్కువ, ఒకరికి చదువు ఎక్కువ.)

మర్నాటి మధ్యాహ్నానికి నా చదువు అయిపోయింది. అమ్మణ్ణి నన్ను ఒక్క తోపుతో తవుడు తొట్టిలో కూర్చోబెట్టింది. సీసాతో ఆవుపాలు పడితే పిల్ల మింగలేదు. మొదట తూలుతూ తిరిగింది, తర్వాత గడ్డి మీద పడుకుంది. పిలిచినా చెవులు కదపడం మానేసింది. ఆ పిల్ల నా చేతిలోనే పోతుందని నాకు అర్థమైంది.

అప్పుడు వచ్చాడు మామ. చేతిలో ప్రసాదం, తలంతా చందనం. "వచ్చేసినానమ్మా" అంటూ లోపలికెళ్లి, అలవాటుగా తల వంచాడు. అమ్మణ్ణి వాసన చూసింది. గట్టిగా చీది, గోడదాకా వెనక్కి పోయింది. మామ తల ఎత్తలేదు. అలాగే నిలబడి, "నన్నే కాదంటాదప్పా" అన్నాడు.

"చందనం వాసన మామా. పుస్తకంలో ఏముందంటే..."

"ఆ పుస్తకంలో జుట్టుంటే ఇంత తెచ్చియ్యి" అన్నాడు. అని, నా తలకేసి చూశాడు. వెంట వచ్చిన వాళ్లావిడ కూడా చూసింది. నేను రోజుకు నాలుగుసార్లు దువ్వుకునే జుట్టు అది.

"నీకుండాది కదప్పా" అన్నాడు మామ మెల్లగా. "కొరకదులే. కొరికినా మళ్లా మొలుస్తాది. దాని బిడ్డ కడుపు నిండేదాకా తలెత్తొద్దు. నేను సెప్తా."

వంచాను. వెనక మామ నిలబడి రోజూ మాట్లాడే మాటలే మాట్లాడాడు. "నేనేలే అమ్మణ్ణీ. గొంతు నాది, తల డాక్టరప్పది. సర్దుకోమ్మా." మెడ మీద వేడి ఊపిరి తగిలింది. తర్వాత జుట్టు లాగినట్టయింది. వాళ్లావిడ పిల్లను లేపి పొదుగుకు పట్టింది. నాకు నా చెప్పులూ, మామ పాదాలూ తప్ప ఏమీ కనబడలేదు. చాలాసేపటికి గుటక చప్పుడు వినిపించింది. మామ మాట మధ్యలో ఆగిపోయింది. ఆ పాదాలు మడమలెత్తి వేళ్ల మీద నిలబడ్డాయి. "ఇంక ఎత్తప్పా" అని ఆయన అనేసరికి నా మెడ పట్టేసింది.

పదిరోజులు అలా తల అరువిచ్చాను. (పెళ్లిచూపులకు ఆ తలతోనే వెళ్లాను. "ఆ పక్క జుట్టేమైంది?" అని అమ్మాయి అడిగితే, గుర్రం నమిలిందన్నాను. నమ్మి చేసుకుంది.) చందనం వాసన పోయాక, నాలుగోరోజున, అమ్మణ్ణి మామ గుండును ఒకసారి నాకింది. ఆయన ఆ రోజు తలస్నానం చెయ్యలేదు.

పోయిన ఏడాది మామ పోయాడని తెలిసి వాళ్ల ఊరెళ్లాను. ఫొటోలో భుజాల దాకా జుట్టు. వాళ్లావిడ నన్ను పోల్చుకోలేక కాసేపు చూసింది. తర్వాత, "ఏమప్పా, నువ్వు గూడా కొండకు పోయొస్తివా?" అంది.

"లేదత్తా, దానంతట అదే పోయింది" అన్నాను. ఏడుస్తూనే నవ్విందావిడ.

ఫొటో ముందు తల వంచాను. ఇప్పుడు ఏ గుర్రానికీ పనికిరాని తల. నవ్వొచ్చింది. అయినా వెంటనే ఎత్తలేకపోయాను. ఎత్తమని ఆయన చెప్పాలి కదా.