కారు మూలకు పసుపు

ఆ రోజుల్లో (ఎంతో వెనక్కి పోవద్దులెండి, నాకు మీసం వద్దామా వద్దా అని ఆలోచిస్తున్న రోజులు) మా హిందూపురంలో కొత్త వస్తువు మీది కవరు తీయడమంటే పసిబిడ్డ ఒంటి మీద దుప్పటి లాగేసినంత పాపం. టీవీ రిమోటుకు కవరు, సోఫాకు కవరు. ఫ్రిజ్ తలుపు మీది స్టిక్కరు దానంతట అది రాలిపోవాలే గానీ మనం గీకకూడదు. గోరంట్లలో మా నాయన కొన్న గోడ గడియారం కవరులోనే తిరిగి తిరిగి, కవరులోనే ఆగిపోయింది. అటువంటి జనానికి కారు రంగు చెడిపోకుండా ఒళ్ళంతా అద్దంలాంటి ఫిల్మ్ అంటిస్తామని చెబితే ఇంకేం కావాలి? పెనుకొండ రోడ్డులో మా మామ ఆ షాపు తెరిచినప్పుడు ఎవరికీ ఏదీ వివరించాల్సిన పని పడలేదు. "కారుకు కవరా? ఎయ్యప్పా" అన్నారంతే.

ఎనిమిదో తరగతికీ నాకూ సరిపడక విడిపోయాక నాయన నన్ను గోరంట్లలోని తన గాజుల కొట్లో కూర్చోబెట్టాడు. నేను ఆడవాళ్ళ చేతులకు గాజులు తొడుగుతూ కబుర్లలో పడి, పచ్చవి అడిగితే ఎర్రవి తొడిగేవాణ్ణి. వాళ్ళూ కబుర్లలో పడి ఇంటికి పోయాకే చూసుకునేవాళ్ళు. నాయన దండం పెట్టి నన్ను మామ దగ్గరికి పంపేశాడు. మామ నాకు పెట్టిన పేరు రేడియో. నీళ్ళు చల్లడం, తుడవడం, ఫిల్మ్ కింది నీళ్ళు రబ్బరు బద్దతో బయటికి తోయడం వరకే నా పని. ఫిల్మ్ అంచులు కోసే బ్లేడు మాత్రం ముట్టనిచ్చేవాడు కాదు. "నోరు ఆగినోడికే చెయ్యి ఆగుతుంది. నీకు రెండూ ఆగవు" అనేవాడు. నాకేమో ఆ బ్లేడు పట్టుకోవాలనే ఒకే ఒక్క కోరిక. బ్లేడు చేతికొస్తే మేస్త్రీని, లేకపోతే మళ్ళీ గాజుల కొట్టు.

అటువంటప్పుడు ధర్మవరం నుంచి ఆ తెల్ల కారు వచ్చింది. ఓనరు పట్టుచీరలు నేసే పెద్దాయన. కారు కొన్నది మా ఊళ్ళోనే, ఎందుకంటే ఆయన చెల్లెలి ఇల్లు ఇక్కడే. తెలుపే ఎందుకు తీసుకున్నారని అడిగితే, "దినమంతా మగ్గం మింద రంగులే చూస్తా. బండన్నా కండ్లకు సల్లగా ఉండనీ" అన్నాడు. మాట మెత్తనే గానీ కోపం మాత్రం నిప్పు. జరీ అసలుదేనా అని అడిగిన బేరగాణ్ణి, చీర మడిచి పెట్టేసి, చెప్పులు కూడా తొడుక్కోనివ్వకుండా మెట్లు దించాడని ఆయన చెల్లెలి మొగుడే మాకు చెప్పి పోయాడు, జాగ్రత్త పడతామని. ఆయన వెంట వాళ్ళమ్మ. నేను మొదటి నిమిషం నుంచే అవ్వా అన్నాను, ఆమె కూడా ఎప్పటినుంచో నేను ఆమె మనవణ్ణే అన్నట్టు, "నీళ్ళు తెచ్చియ్యప్పా" అంది. కొడుక్కు కారొస్తే మొదట పెనుకొండ దర్గాకు పోయి చక్కెర చదివింపులు చేయిస్తానని ఆమె మొక్కు. ఆ ఫిల్మ్ పని ఎప్పుడవుతుందా, ఎప్పుడు బయలుదేరదామా అని కుర్చీ వేసుకుని షాపులోనే కూర్చుంది.

మొదటి రోజు బానెట్టూ తలుపులూ మామ అంటించేశాడు. రెండో రోజు పొద్దున్నే అత్త కళ్ళు చూపించడానికి మామ పుట్టపర్తి ఆసుపత్రికి పోవాల్సి వచ్చింది. ముందు బంపర్ ఒక్కటే మిగిలింది. మామ బ్లేడు తీసి, బిడ్డను అప్పగించినట్టు నా చేతిలో పెట్టి అన్న మాట ఇదీ: "ఇది సరిగ్గా జేస్తివా, బ్లేడు నీది. చెడగొడితివా, సాయంత్రం గోరంట్ల బస్సు నీది."

బంపర్ కడిగాను. రెండు మూలల్లో పసుపు కనిపిస్తే తుడిచేశాను. కొత్త బండి పూజ పసుపు బానెట్ మీద కదా ఉండాలి, మూలల్లో ఎందుకుందబ్బా అని ఒక్క క్షణం ఆలోచించాను (ఒక్క క్షణమే, అంతకుమించి ఆలోచించే అలవాటు నాకు లేదు). బంపర్ ఆరేలోపు ఉగ్గాని తిని వద్దామని పక్క హోటల్‌కు పోయాను. తిరిగొచ్చి చూస్తే నీళ్ళలో కలిపే షాంపూ అయిపోయింది. ఫిల్మ్ జారడానికి మామ చిన్నపిల్లల షాంపూ తప్ప వాడడు. (ఆయన పిల్లలకు మాత్రం బట్టల సబ్బే.) నేను ఆ బట్టల సబ్బునే కొంచెం గీకి, నీళ్ళలో కలిపి, చల్లి, ఫిల్మ్ పరిచాను. రబ్బరు బద్దతో తోస్తూ, అవ్వకు మా ఊరి కోతుల కథ ఒకటి చెబుతూ, బ్లేడుతో అంచులు కోస్తూ, నా అంతవాడు లేడనుకుంటున్నాను. కోతి ఇంకా చెట్టు దిగనే లేదు, బంపర్ ఎడమ మూల ఫిల్మ్ కింద ఎర్రగా ఏదో పాకింది.

ఎరుపంటే మామూలు ఎరుపు కాదు, తెల్ల కారుకు దెబ్బ తగిలి నెత్తురొచ్చినట్టు. నా బ్లేడు రంగులో దిగి, లోపలి నుంచి ఏదో కారుతోందనుకున్నాను. బుద్ధున్నవాడు ఆగి చూస్తాడు. నేను ఫిల్మ్ మూల పట్టుకుని సర్రున లాగాను. ఎరుపు పోయింది. దాంతోపాటు కారు రంగు కూడా బొట్టుబిళ్ళంత ఊడి ఫిల్మ్‌కు అంటుకుని వచ్చింది. బంపర్ మీద, ఆ పాలలాంటి తెలుపులో, అడుగు ప్లాస్టిక్ బయటపడి నల్లటి చుక్క.

గోరంట్ల బస్సు హారన్ నా చెవుల్లో వినిపించింది. పెద్దాయన ఎదురుగా టీ కొట్లో ఉన్నాడు, గ్లాసు ఖాళీ అవుతోంది. చెప్పులు తొడుక్కోనివ్వకుండా దించాడన్న మాట గుర్తొచ్చి నా చెప్పులు ఎక్కడున్నాయా అని చూసుకున్నాను. తర్వాత నాకు తెలిసిన ఒకే ఒక్క విద్య మొదలుపెట్టాను. చుక్క కనపడకుండా ఆ మూలకు నడుం ఆనించి నిలబడి, మాట్లాడాను. కోతిని చెట్టు దింపి బస్సెక్కించాను, బస్సును మడకశిర దాకా తోలాను, కండక్టరుకు పెళ్ళి కూడా చేశాను. అవ్వ అంతా విని మెల్లగా కుర్చీలోంచి లేచింది.

"కొంచెం జరుగప్పా" అంది.

"ఆడ తడిగా ఉండాదవ్వా, కాలు జారుతాది" అన్నాను.

"నా కాలు సంగతి నేను చూసుకుంటా. జరుగు."

జరిగాను. రేడియో ఆగిపోయింది. అవ్వ వంగి చుక్కను చూసింది, నన్ను చూసింది, రోడ్డు దాటుతున్న కొడుకును చూసింది. ఆయన లోపలికి అడుగు పెట్టేసరికి గట్టిగా, అంగట్లో బేరం చేసే గొంతుతో అంది: "సూడ్రా, ఈ పిల్లోడికి ఉండే గ్యానం మనకు లేకపాయ. కొత్త బండికి పసుపు పెడితిమి గానీ దిష్టి చుక్క పెట్టకపోతిమే. కాటిక డబ్బీ మర్చిపోయి వస్తినే అని నేను పొద్దట్నుంచి కొట్టుకులాడతాండా. ఆ పని ఈయప్ప చేసినాడు."

పెద్దాయన చుక్కను వేలితో తడిమాడు. పట్టు తడిమే వేలు అది, ఊరికే నమ్ముతుందా? "ఇది పెట్టింది కాదుమా, రంగు లేచిపోయింది" అన్నాడు. ఆయన మెడ మీద నరం కదలడం నాకు కనిపించింది. "నీకెట్ల పుట్టినప్పుడు బుగ్గన పెట్టింటి, దానికీ అట్లే పెట్టినాడు. ఇంగ దాన్ని తుడిచినోళ్ళతో నేను మాట్లాడను" అని అవ్వ పోయి కారులో కూర్చుంది. తల్లి కారెక్కి కూర్చున్నాక ఏ కొడుకైనా ఏం మాట్లాడతాడు? నన్ను పైనుంచి కిందికి చూసి, "మిగతాది అంటియ్యప్పా" అన్నాడు. మామ రోజూ తిట్టినా అబ్బని ఓపికతో, నోరు మూసుకుని, ఉత్త నీళ్ళతో అంటించాను.

సాయంత్రం వాళ్ళు బయలుదేరే వేళకు మామ వచ్చి చుక్కను చూశాడు. నేను చెంప సిద్ధం చేసుకున్నాను. ఆయన ఫిల్మ్ మూల కొంచెం లేపి, గోటితో చుక్క అంచు గీకి, "కంపెనీ రంగు ఇట్ల రాదు. యాడనో గుద్దుకుంటే బంపర్ మార్చి, పైపైన రంగు కొట్టి అమ్మినారు" అన్నాడు. అమ్మినవాళ్ళను నిలదీద్దామని పెద్దాయన మళ్ళీ నిప్పు రాజేశాడు గానీ, కారులోంచి అవ్వ "చుక్క జోలికి పోవద్దంటిని గదా, దర్గా మూసేస్తారు, పదరా" అనడంతో అది అక్కడే ఆరిపోయింది. ఆ ఎరుపు సంగతి మాత్రం ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. బ్లేడు నా దగ్గరే ఉండిపోయింది.

ఈ కథను నేను టీ కొట్లలో ఎన్నిసార్లు చెప్పానో. చెప్పినప్పుడల్లా నీతి ఒకటే, నోరున్నవాడు బతుకుతాడు, చూపు ఆనని అవ్వను అది దిష్టి చుక్కేనని మాటలతో ఎట్లా నమ్మించానో చూడండి అని.

మొన్న పాత ఫిల్మ్ పసుపెక్కిందని ఆ తెల్ల కారు మళ్ళీ వచ్చింది. ఇప్పుడు మామ కుర్చీలో కూర్చుని తిడతాడు, పని నాది. అవ్వ కొంచెం వంగింది, అంతే తేడా. నేను ఫిల్మ్ తీస్తుంటే పక్కన నిలబడి, కొంగు ముడిలోంచి చిన్న పొట్లం తీసి, బంపర్ రెండు మూలలకు ఇంత ఇంత పసుపు రాసింది. నా చెయ్యి ఆగిపోయింది.

"ఏమప్పా అట్ల చూస్తావు? కొత్త గుడ్డ కట్టుకునే ముందర మూలలకు పసుపు పెట్టమా? కారుకు గుడ్డ తొడుగుతాండావు గదా. ఆ పొద్దు కూడా పెడితి. నువ్వు తుడిచేసి ఉగ్గానికి పోతివి, మళ్ళా పెడితి."

"అయితే అవ్వా, ఆ ఎరుపు..."

"పసుపు సబ్బునీళ్ళల్లో పడితే ఎర్రగాక పచ్చగైతాదా? నువ్వు దాన్ని చూసి గోడ మాదిరి తెల్లగైపోతివి. పసుపు పెట్టింది నేను, తిట్లు నువ్వు తినాలనా? పక్కన నా కొడుకు వస్తాండె. అందుకే చుక్క అంటి."

కోతి కథంతా విన్నావు కదా అవ్వా, నమ్మినట్టే ఉన్నావే అన్నాను చివరి ఆశగా. "కండ్లకు అప్పటికే ఆపరేషన్ చేయించుకునింటి. నువ్వు నడుం అడ్డం పెట్టక ముందే చుక్క నాకు కుర్చీలోంచి కనపడె. కోతి పెండ్లి దాకా పోతుందేమో సూద్దామని కూర్చుంటి" అంది.

పసుపు మెత్తటి గుడ్డతో తుడిచాను, ఈసారి అడిగి తుడిచాను. చుక్క జోలికి పోలేదు. దాని మీదుగానే కొత్త ఫిల్మ్ పరుస్తుంటే, ఆ మూలకు నడుం ఆనించుకుని, మీసం లేని మొహంతో, ఊరంతటినీ నమ్మిస్తున్నాననుకుని ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతున్న వాడొకడు నా పక్కనే నిలబడ్డట్టనిపించింది. వాణ్ణి తిట్టబుద్ధి కాలేదు. కొంచెం జరుగప్పా అన్నాను, మెల్లగా, అవ్వకు వినపడకుండా.