టికెట్టు కొని చూసిన నీళ్ళు

పోయినవి ముందు రాస్తాను. చీనీ చెట్లు, అంటే బత్తాయి, తొంభై మూడు. అన్నీ పన్నెండేళ్ళ వయసువి, కాపు మీదున్నవి. వాటి కింద పరిచిన డ్రిప్పు పైపు ఐదు వందల నలభై మీటర్లు. చెట్లు కొట్టి లాగేటప్పుడు ట్రాక్టరు చక్రాల కింద పడి ముక్కలైంది. ఆ చెట్ల మీద రావలసిన కాపులు రెండు. ఆ కాపులు లేనందువల్ల మా అక్క పరాయి చేలల్లో కూలికి పోయిన రోజులు నూట పదకొండు. ఈ చెట్లకు జమ వైపు ఒకే ఒక్కటి ఉంది: కట్టెలకు ఇటుకల బట్టీ ఆయన ఇచ్చిన పదకొండు వేల రూపాయలు.

ఈ లెక్కలో తప్పు లేదు. తప్పు దీనికి ముందు వేసిన లెక్కలో ఉంది. అది వేసింది నేను.

నేను చదివింది ఏడో తరగతి. మడకశిరలో ఒక చింతపండు మండీలో గుమాస్తాగా ఇరవై ఆరేళ్ళ నుంచి ఉన్నాను. తూకాలు, తరుగులు, హమాలీ కూలి, అన్నీ అక్కడే చూసి నేర్చుకున్నాను. ఇంట్లోనూ బంధువుల్లోనూ ఎవరికి ఏ లెక్క కావాలన్నా నా దగ్గరికే వచ్చేవాళ్ళు. బావ పోయాక అక్క తోట లెక్కలన్నీ నాకే అప్పజెప్పింది. మొత్తం మూడు వందల డెబ్భై చీనీ చెట్లు, ఒక బోరు. బోరు దగ్గర రెండు వందల లీటర్ల డ్రమ్ము పెట్టి, గడియారం చూసి, నీళ్ళు కొలిచాను. డ్రమ్ము నిండడానికి సరిగ్గా ఒక నిమిషం. మా వైపు అది మంచి బోరు.

మూడేళ్ళ కిందట వేసవి మొదట్లో టాంకర్ల కాంట్రాక్టరు ఒకడు అక్క దగ్గరికి వచ్చాడు. సరిహద్దు దాటి కర్ణాటక వైపు పదిహేను కిలోమీటర్లు పోతే కొత్తగా బీరు ఫ్యాక్టరీ ఒకటి పెట్టారు, వాళ్ళకు నీళ్ళు కావాలి. పదివేల లీటర్ల టాంకరు, రోజుకు నాలుగు, టాంకరుకు నాలుగు వందలు. అక్క నాకు ఫోను చేసింది. నేను లెక్క వేశాను. కరెంటు తొమ్మిది గంటలు, అంటే ఐదు వందల నలభై నిమిషాలు. టాంకరు నిండడానికి యాభై నిమిషాలు. నాలుగింటికి రెండు వందలు. మిగిలిన మూడు వందల నలభై నిమిషాల్లో అరవై ఎనిమిది వేల లీటర్లు వస్తాయి. ఎండాకాలంలో చెట్టుకు రోజుకు నూట ఎనభై లీటర్లు వేసుకున్నా చాలి, ఇంకా మిగులుతాయి.

"నువ్వు సరేనంటే సరేనప్పా" అన్నది అక్క.

నేను సరేనన్నాను.

రెండు నెలలు అంతా అనుకున్నట్టే జరిగింది. తర్వాత పాత టాంకరు రిపేరుకు పోయిందని కాంట్రాక్టరు ఇంకొకటి పంపాడు. వెనక పెద్ద అక్షరాలతో '10,000 లీటర్లు' అని రాసుంది. అది నిండడానికి గంట పట్టింది. మరుసటి రోజూ గంటే. వారం రోజులు గడియారం చూసి రాశాను. గంటకు తక్కువ ఒక్కసారి కూడా రాలేదు.

ఆ నెలలోనే చుట్టుపక్కల మూడు బోర్లు వట్టిపోయాయి. ఒకాయన కొత్తగా ఏడు వందల అడుగులు వేయిస్తే దుమ్ము లేచింది. కాబట్టి నేను ఇంకో ఆలోచన చేయలేదు. పదివేల లీటర్లకు గంట పడుతోందంటే నిమిషానికి వచ్చేది నూట అరవై ఆరు లీటర్లు; మన బోరూ తగ్గుతోంది అనుకున్నాను. ఆ లెక్కన టాంకర్లు పోను మిగిలే మూడు వందల నిమిషాల్లో వచ్చేవి యాభై వేల లీటర్లు. అవి రెండు వందల డెబ్భై ఏడు చెట్లకే సరిపోతాయి.

ఆదివారం పోయి అక్కకు చెప్పాను. తొంభై మూడు చెట్లకు నీళ్ళు ఆపాలి, లేకపోతే అన్నీ దెబ్బతింటాయి.

"టాంకర్లు ఆపితే?" అని అడిగింది.

"రోజుకు పదహారు వందలక్కా. ఆ తొంభై మూడు చెట్లూ కాసినా అంత రాదు."

"ఏ చెట్లో నువ్వే సూపియ్యి. నాకు చాతగాదు" అన్నది.

చిన్న డబ్బాలో సున్నం కలుపుకుని నేనే పోయి గుర్తులు పెట్టాను. అక్క నా వెనకే నడిచింది. ఒకచోట మాత్రం "దీన్ని వదలప్పా, ఇది బాగా కాస్తాది" అన్నది. దాన్ని వదిలి పక్కదానికి పెట్టాను. ఆ రెండో టాంకరు వచ్చినప్పటి నుంచి వానలు పడి కాంట్రాక్టరు టాంకర్లు ఆపేదాకా నూట నలభై ఆరు రోజులు. అప్పటికి ఆ చెట్లు ఎండి గలగలమంటున్నాయి. కొట్టించాం.

మరుసటి ఏడాది మండీలో హమాలీల మేస్త్రీ ఆ బీరు ఫ్యాక్టరీ గురించి ఒక వింత చెప్పాడు.

"బీరు తాగేకి దుడ్లు తీసుకుంటారు, సరే. అది చేసేది సూసేకి గూడా దుడ్లంట అన్నా. మనిషికి ఆరు వందలు."

"ఎవురు చెప్పినారు నీకు?"

"మా అల్లుడు పోయొచ్చినాడు. రెండు గ్లాసుల బీరు, ఒక ప్లేటు శనక్కాయ పప్పులు ఇచ్చినారంట."

"గ్లాసు బయటైతే ఎంత?"

"నూటాయాభై."

"రెండు గ్లాసులు మూడు వందలు, పప్పులు యాభై. అంటే సూసేకి రెండు వందల యాభై."

"నువ్వు తాగవు గదన్నా. నీకు ఆరు వందలూ సూసేకే." మండీలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. "నీ గ్లాసులు నాకిస్తానంటే చెప్పు, బస్సు చార్జీలు నావి."

మా వైపు గానుగ దగ్గర బెల్లం వండుతున్నప్పుడు దారిన పోయేవాడు ఆగి చూసినా, ఆకులో ఇంత వేడి బెల్లం పెట్టి పంపుతారు. చూసినందుకు ఎదురు ఇస్తారు తప్ప తీసుకోరు. ఆరు వందలు తీసుకునేంత ఏముందో అని ఆ వారమంతా అదే నా మనసులో తిరిగింది. అక్క బోరు నీళ్ళు పోయింది కూడా అక్కడికే. ఆదివారం మేస్త్రీ, నేను పోయాం.

గేటు దగ్గర బెంగళూరు కార్లు పదిహేడు నిలబడి ఉన్నాయి. ఆరు వందలు ఫోనులో కొట్టేటప్పుడు నా వేలు ఆగింది. మా మండీలో అది నా ఒకరోజు జీతం. చూపించడానికి ఒక అమ్మాయి వచ్చింది, తలలకు వలటోపీలు ఇచ్చింది. ప్రశ్నలు అడగవచ్చా అన్నాను.

"ఎష్టు బేకాదరూ కేళి సార్" అని నవ్వి, మళ్ళీ తెలుగులో చెప్పింది. "టికెట్ తీసుకున్నారు కదా, ఎన్నయినా అడగండి."

మొలకెత్తించిన బార్లీ చూపించింది. నీళ్ళలో ఉడికించే పెద్ద స్టీలు పాత్రలు చూపించింది. గది నిండా పులిసిన రాగి అంబలి వాసన. ఆరు వందలకు సరిపడా చూడాలని నేను ప్రతిదాని దగ్గరా అడుగుతూనే ఉన్నాను. మేస్త్రీ నా చొక్కా లాగుతూ "ఇంగ సాలప్పా, గ్లాసులు యాడుండాయో అది అడుగు" అంటున్నాడు.

చివర్న అందరినీ బీరు పోసే హాలుకు తీసుకుపోతుంటే నేను అడిగాను. "నీళ్ళు యాడ నుంచి వస్తాయమ్మా?"

ఆమె ఆగింది. అది చూపించేవాటిలో లేదట. మేస్త్రీ నా రెండు గ్లాసుల టోకెన్లు తీసుకుని ముందుకు పోయాడు. "ఆరు వందలిచ్చినానమ్మా, అది సూడకుండా పోతే ఎట్ల?" అన్నాను. ఆమె సరేనని వెనకవైపు షెడ్డుకు తీసుకుపోయింది.

అప్పుడే ఒక టాంకరు వచ్చి నిలబడింది. నెంబరు చూశాను. నెంబర్లు నేను మరిచిపోను. అక్క బోరు దగ్గర నూట నలభై ఆరు రోజులు నీళ్ళు పట్టుకున్న టాంకరే అది. వెనక అదే '10,000 లీటర్లు'. పైపు తగిలించారు. గోడకు ఉన్న మీటరును అక్కడి మనిషి సున్నాకు తిప్పి, నోటుబుక్కు తీసి కూర్చున్నాడు.

నేను అంకెలు చూస్తూ నిలబడ్డాను. ఎనిమిది వేలు. తొమ్మిది వేలు. పదివేలు దాటింది. ఆగలేదు. పైపులో ధార అంతే లావున పడుతోంది. పదివేల ఐదు వందలు. పదకొండు వేలు. పదకొండు వేల తొమ్మిది వందల ఎనభై దగ్గర ఆగింది.

"మీటరు సరిగా ఉండాదా అన్నా?" అని అడిగాను.

"మీటరు సరిగానే ఉండాది. ఈ బండి ఎప్పుడూ ఇంతే. పన్నెండుకు అటూ ఇటూ" అన్నాడతను, రాసుకుంటూనే.

పన్నెండు వేలను అరవై నిమిషాలతో భాగిస్తే రెండు వందలు. కాగితం అవసరం లేని లెక్క. బోరు తగ్గలేదు. పాత్ర పెరిగింది. అక్కడున్న సిమెంటు మెట్టు మీద కూర్చున్నాను. ఆ అమ్మాయి ఎండదెబ్బ అనుకుని నీళ్ళ సీసా ఇచ్చింది. మూత తీయకుండానే పక్కన పెట్టాను.

మేస్త్రీ నాలుగు గ్లాసులూ తాగి, తిరుగు బస్సులో విషయం విన్నాడు. "మీటరుకు తాగుడు అలవాటై ఉంటాదిలేప్పా" అని నన్ను నవ్వించబోయాడు. నవ్వు రాలేదు. అతనికీ రాలేదు.

మర్నాడు పొద్దున్నే అక్క తోటకు పోయి, బోరు కింద డ్రమ్ము పెట్టి గడియారం చూశాను. ఒక నిమిషం. మళ్ళీ పెట్టాను. ఒక నిమిషం. సున్నం డబ్బా పట్టుకుని తిరిగిన రోజున నేను చేయకుండా వదిలేసిన పని ఇంతే, ఒక్క నిమిషం పని. టాంకర్లను లెక్కపెట్టాను, నిమిషాలు లెక్కపెట్టాను, టాంకరు లోపల ఎంత పడుతుందో మాత్రం పెయింటరు రాసినదే నమ్మాను.

అక్క గట్టు మీద నిలబడి చూస్తోంది. "ఏం జేస్తాండావప్పా, పొద్దున్నే?"

చెప్పాను. దాచుకోలేదు. బోరు తగ్గలేదు కాబట్టి మిగిలిన మూడు వందల నిమిషాల్లో అరవై వేల లీటర్లు వచ్చాయి. అవి మూడు వందల ముప్పై మూడు చెట్లకు సరిపోయేవి. కాబట్టి పోయిన తొంభై మూడింటిలో ముప్పై ఏడు టాంకరు మింగింది. యాభై ఆరు నేను చంపాను.

ఆమె ముఖం చూడలేక డ్రమ్ములోకి చూస్తూ చెప్పాను. అక్క అడిగింది.

"టికెట్టు ఎంతన్నావు?"

"ఆరు వందలు."

"ముందే పోయింటే శానా అగ్గవ, సవగ్గా పోయేది గదప్పా." అంతే అన్నది. కోపం లేదు. అదే భరించలేకపోయాను. "కాసేదాన్ని వదలమంటే వదిలినావు గదా, దాని పక్కదానికి పెట్టినావు సున్నం. అదీ కాసేదే. నేను చెప్పలేదు. నీకు తెలుసులే అనుకున్యా."

కాంట్రాక్టరును బస్టాండు దగ్గర టీ కొట్టులో పట్టుకున్నాను.

"నువ్వు లెక్కపెట్టింది టాంకర్లు గదన్నా, లీటర్లు కాదు గదా" అన్నాడు, టీ ఊదుకుంటూ. "టాంకరుకు నాలుగు వందలు అనుకున్యాము. ఇచ్చినా. ఇంగేమి?"

"ఫ్యాక్టరీవాళ్ళు నీకు టాంకరుకు ఇస్తాండారా, మీటరుకు ఇస్తాండారా?"

టీ గ్లాసు కింద పెట్టాడు. "నువ్వాడికి ఎట్ల పోయినావు? లోపలికి రానీరు గదా ఎవుర్నీ."

"టికెట్టు కొని పోయినా."

అతను నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆరు వందలు పెట్టి ఒక రైతో గుమాస్తానో ఆ గేటు దాటుతాడని అతను ఎన్నడూ అనుకోలేదు. ఐదు వందల ఎనభై నాలుగు టాంకర్లు, ఒక్కొక్కదానికి రెండు వేల లీటర్లు ఎక్కువ. దాని ఖరీదు నలభై ఆరు వేల ఏడు వందల ఇరవై. మీటరు సంగతి మిగతా బోర్లవాళ్ళకు చెబుతాననుకున్నాడేమో, రెండు కంతుల్లో నలభై ఆరు వేలు తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. మిగతాది నేనే వదిలేశాను. నీళ్ళ లెక్క అక్కడికి సరిపోయింది.

ఫ్యాక్టరీ చూడ్డానికి డబ్బులు తీసుకోవచ్చా అని మండీలో ఇప్పటికీ వాదన నడుస్తుంది. కూడదంటాడు మేస్త్రీ. నేను రెండు వైపులా ఆలోచించాను. ఉచితంగా పిలిచి ఉంటే చేతులు కట్టుకుని, వాళ్ళు చూపించిందే చూసి, దండం పెట్టి వచ్చేవాణ్ణి. డబ్బిచ్చాను కాబట్టి నోరు తెరిచి అడిగాను, వాళ్ళు చూపించనిదాని దాకా పోయాను. ఇది నిజం. కానీ ఆ ఆరు వందల వల్లే నీళ్ళిచ్చిన బోర్లవాళ్ళు ఒక్కరూ ఆ మీటరు ముందు నిలబడలేదు, కాంట్రాక్టరు ధైర్యంగా ఉన్నాడు. ఇదీ నిజమే. బీరు కోసం వచ్చేవాళ్ళ దగ్గర ఎంతైనా తీసుకోనీ. నీళ్ళు ఇచ్చేవాళ్ళను మీటరు దాకా ఊరికే రానియ్యాలి. ఆ మాట కాగితం మీద రాసి, ఫ్యాక్టరీ చూపించిన అమ్మాయికి పంపాను. జవాబు రాలేదు.

అక్కకు నా యాభై ఆరు చెట్లకు డబ్బు కడతానన్నాను. వద్దన్నది. "చెట్టుకు చెట్టు పెట్టు. రెండెండలు తట్టుకుంటేనే జమ" అన్నది. అప్పటి నుంచి వానలకు మొక్కలు తెచ్చి నేనే గుంతలు తీసి నాటుతున్నాను. మొదటి ఏడాది నాటినవి ముప్పై. ఎండలకూ చెదలకూ తొమ్మిది పోయాయి. ఇరవై ఒకటి రెండో ఎండాకాలం దాటాయి. ఆ తర్వాత పెట్టినవి ఇంకా లెక్కలోకి రావు.

బాకీ ముప్పై అయిదు.