వాసన లేని సబ్బు

పొద్దున్నే మైదుకూరులో మా ఫ్యాన్సీ అంగడి షట్టరు ఎత్తుతున్నాను. పక్కింటి ఖాలా కూతురు వచ్చి మెట్టు దగ్గర నిలబడింది. "మాయమ్మ పాయెక్కా. స్నానం చేయించాల, మంచి సబ్బు ఒకటియ్యి" అంది. ఏడవలేదు. ఏడ్చే ఓపిక ఆ పిల్లకి ఎప్పుడో అయిపోయింది.

మా అంగట్లో ఒక అర నిండా చేత్తో చేసిన సబ్బులుంటాయి. డోన్‌లో ఒకామె, ప్రొద్దుటూరులో ఒక మొగుడూ పెళ్ళాం, పులివెందుల దగ్గర మేకపాలతో చేసే ఒకాయన, ఇలా ఇళ్ళల్లో నూనెలు కలిపి, పోసి, కోసి పంపేవాళ్ళవి. ఖాలా ఒప్పుకోనిదే ఒక్క సబ్బు కూడా ఆ అరలోకి ఎక్కింది లేదు. ఆ పొద్దు దాని ముందు నిలబడితే నాకు చెయ్యాడలేదు. ఏది ముట్టుకున్నా దానికి ఆమె పెట్టిన వంకే గుర్తొచ్చింది.

"ఏదో ఒకటియ్యక్కా" అంది ఆ పిల్ల. మేకపాల సబ్బు ఇచ్చాను.

ఖాలా అంటే పిన్నమ్మ. అలా పిలవడమే గానీ ఆమె నాకు చుట్టం కాదు. మాది కోమట్ల ఇల్లు, వాళ్ళది సాయిబుల ఇల్లు. మధ్యలో నడుమెత్తు గోడ, రెండిళ్ళకీ కలిపి ఒక బోరు. ఆ బోరు నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పు, తలమీద పోసుకుంటే జుట్టు అట్టకడుతుంది. మొదటిసారి డోన్ నుంచి సబ్బులొచ్చినప్పుడు నేను కొళాయి నీళ్ళతో చేతులు కడుక్కుని, నురగ చూసి మురిసిపోతున్నాను. గోడకవతల గిన్నెలు తోముతున్న ఖాలా తల కూడా ఎత్తకుండా అంది. "తీపినీళ్ళలో ఏ సబ్బయినా నురగిస్తాది బిడ్డా. మన బోరు నీళ్ళలో ఇయ్యాల. అప్పుడు ఒప్పుకుంటా."

ఆ రోజు నుంచి అదే పద్ధతయింది. కొత్త సబ్బు వస్తే గోడ మీద ఆమె వైపు పెట్టేదాన్ని. మధ్యాహ్నం నమాజు అయ్యాక ఆమె చెంబుతో బోరు నీళ్ళు పెట్టుకుని కూర్చునేది. ముందు సబ్బుని నాలుక కొనకి తాకించేది. చురుక్కుమంటే పచ్చిదని. నూనె, కాస్టిక్ సోడా కలిపి చేసిన సబ్బు నెల పైన ఆరితే గానీ ఒంటికి పనికిరాదు, ముందే వాడితే మండుతుంది. తరవాత చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, ఆరాక చేతి వెనక వాసన చూసేది. కాగితంలో ఉన్నప్పటి వాసన ఆమె లెక్కలోకి రాదు. కొన్నాళ్ళు వాడాక నచ్చితే గోడ మీద మా వైపుకి జరిపేది. నచ్చకపోతే సబ్బు అటువైపే ఉండిపోయేది. నోటితో తీర్పు చెప్పడం శానా తక్కువ.

అయినా కొన్నిసార్లు ఆపుకోలేకపోయేది. గులాబీ రేకులూ గింజలూ అద్దిన సబ్బు చూసి, "ఇది సబ్బా, బిర్యానీనా?" అంది. ప్రొద్దుటూరు వాళ్ళ కాఫీపొడి సబ్బు తిప్పి కొట్టింది. వాళ్ళ మీద జాలేసి నేను దాన్ని అంగట్లో పెట్టబోతే రెండు రోజులు మాట్లాడలేదు. పెట్టలేదు లెండి. ఆ తరవాత చూస్తే ఆ సబ్బే ఖాలా వంటింటి పంపు దగ్గర ఉంది. అడిగితే, చేపలు కడిగిన చేతులకి తప్ప ఇంక దేనికీ కాదంది. వట్టివేళ్ళ సబ్బంటే మాత్రం ప్రాణం. అరిగిపోయిన బిళ్ళని పారేయకుండా ట్రంకు పెట్టెలో దుప్పట్ల మధ్య దాచుకునేది. ఒకసారి పెట్టె తెరిచి నన్ను పిలిచి వాసన చూపించింది. మేమిద్దరం ఆ పెట్టె మీదకి వంగి, చిన్నపిల్లల్లా ఎంతసేపు నవ్వుకున్నామో.

తరవాత ఆమెకి కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్‌కి కడపకి తిరగడం మొదలైంది. వాటన్నిటికంటే ఆమెను దురద చంపింది. దువ్వెన వెనక వైపుతో వీపు గోక్కునేది, చేతుల మీద చారలు పడేవి. నాకు తెలిసింది సబ్బులే కదా, వేపది, పసుపుది, కలబందది, వరసగా తెచ్చాను. ఒక్కోటి ఒక్క పూట హాయిగా ఉండేది, మళ్ళీ మామూలే. ఇది చర్మంలో దురద కాదు, రక్తంలోది, సబ్బులతో పోదని డాక్టరు చెప్పాడు. నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఆయన చెప్పింది నిజమే, అందుకే వచ్చింది.

"ఒళ్ళంతా చీమలు పారినట్లుండాది. ఏ వాసనా లేని సబ్బు ఒకటి చూడు బిడ్డా. వాసనంటేనే కడుపులో తిప్పుతాండాది" అంది ఖాలా ఒక రోజు. అత్తరు, వట్టివేళ్ళు అంటే పడి చచ్చే మనిషి.

డోన్ ఆమెకి ఫోన్ చేశాను. కొబ్బరినూనె, ఆముదం తప్ప ఇంకేమీ వేయకుండా ఆ రోజే పోసింది. కోసింది. ఇక ఆరాలి. నేను రోజూ ఫోన్ చేసి సతాయించాను. ఆమె పాపం విసుక్కోలేదు. "ఎండలో పెట్టినా, ఫ్యాను కింద పెట్టినా దాని టైము అది తీసుకుంటాదక్కా" అనేది.

కడప నుంచి ఆటో దిగిన ప్రతిసారీ ఖాలా మా అంగడి ముందు ఆగి, "ఆరిందంటనా?" అని అడిగేది. ఇంకా లేదు ఖాలా అనేదాన్ని. చివరికి ఒక సాయంత్రం గోడ పట్టుకుని నిలబడి అంది. "పచ్చిదే తెప్పించు. మండితే మండనీ. ఈ దురద కన్నా మంటే మేలు."

తెప్పించలేదు. చారలు పడిన ఆ ఒంటి మీద పచ్చి సబ్బు ఎలా పెట్టనిస్తాను? పచ్చిది ఒంటికి తాకనీయొద్దని నేర్పింది ఆమే. ఇంకొన్నాళ్ళు ఆగు ఖాలా, అన్నాను. ఆమె తలూపింది. ఇప్పుడా తలూపడమే నన్ను తినేస్తోంది.

ఆమెను కడిగేటప్పుడు నేను గోడకివతలే ఉన్నాను. రేగాకులు వేసి కాచిన నీళ్ళ వాసన, కర్పూరం వాసన వచ్చాయి. ఆ రోజు కొళాయి రాలేదు, బోరు నీళ్ళే తోడారు. చెంబు చప్పుడు వింటూ, ఆ నీళ్ళలో నురగ వస్తోందో లేదో అని ఒకటే గుబులు. మరీ పిచ్చిదాన్ని కాకపోతే ఆ వేళ అదా నా బాధ? బాగానే వచ్చిందక్కా అని తరవాత వాళ్ళ పిల్ల చెప్పింది. అప్పుడు ఏడ్చాను.

డోన్ నుంచి పార్సిల్ మొన్న వచ్చింది. తెల్లగా, గట్టిగా, సున్నపురాయిలా ఉంది. నాలుక కొనకి తాకించాను, చురుక్కుమనలేదు. చెంబుతో బోరు నీళ్ళు తెచ్చుకుని కడుక్కున్నాను. మా పాడు నీళ్ళలోనూ చిక్కటి నురగ వచ్చింది. తుడుచుకుని, ఆరేదాకా ఆగి, చేతి వెనక వాసన చూశాను. ఏ వాసనా లేదు.

దాన్ని తీసుకెళ్ళి గోడ మీద ఆమె వైపు పెట్టాను. వాళ్ళ పిల్ల చూసింది గానీ తీయలేదు. పొద్దున షట్టరు ఎత్తే ముందు ఒకసారి వెళ్ళి చూసి వస్తున్నాను. ఇంకా అటువైపే ఉంది.