ఖాళీగా ఉండకూడని గడి

పెంపుడు జంతువుల ఆసుపత్రిలో చీటీలు రాసే ఆవిడను అందరూ రిజిస్టరక్క అంటారు. ఇరవై రెండేళ్లు లావుపాటి పుస్తకాల్లో రాసీ రాసీ, యాభయ్యో పడిలో పడ్డాక మేనకోడలి పక్కన కూర్చుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. ఇప్పుడు చీటీలు ఇచ్చే ఆసుపత్రి వెబ్‌సైటు ఆవిడ చేతి కుట్టే. అక్కడక్కడా అతుకులున్నా ఇంతవరకూ చిరగలేదు.

ఒకరోజు డాక్టరు చెవినొప్పితో వచ్చిన గోధుమరంగు కుక్కకు గోళ్లు కత్తిరించి పంపేశాడు. గోళ్ల కోసం వచ్చిన గోధుమరంగు కుక్క చెవిలో మందు చుక్కలు వేశాడు. పాపం, రెండూ కిక్కురుమనలేదు. చీటీలో యజమాని పేరు, జంతువు రకం, రంగు తప్ప ఇంకేమీ ఉండవు మరి. ఆ యజమానులిద్దరిదీ ఒకే పేరు.

"అక్కా, ఇకనుంచి జంతువు పేరు లేకుండా చీటీ కదలకూడదు" అన్నాడు డాక్టరు సిగ్గుపడుతూ.

ఆవిడ చీటీలో జంతువు పేరు కోసం కొత్త గడి చేర్చి, తప్పనిసరి అని రాసింది. ఆ మార్పును డేటాబేస్‌లోకి ఎక్కించబోతే కంప్యూటరు అడ్డం తిరిగింది. జంతువుకొకటి చొప్పున ఇదివరకే ఉన్న పదకొండు వందల నలభై వరసల్లో ఈ గడిని దేనితో నింపాలో చెబితే గానీ కదలనంది. మేనకోడలికి ఫోన్ చేసింది.

"ఏముందత్తా, 'తెలియదు' అని కొట్టెయ్. అన్నిట్లోనూ అదే పడుతుంది."

"ఇన్ని ప్రాణులకీ తెలియదని పేరు పెట్టమంటావా?"

"పేరు కాదత్తా, గడి నిండాలంతే."

"రేపు డాక్టరు గుమ్మంలోకొచ్చి 'తెలియదూ' అని పిలిస్తే హాలు హాలంతా లేచి నిలబడుతుందే."

మేనకోడలు పకపకా నవ్వి దారి చెప్పింది. ముందు ఖాళీగా ఉన్నా ఫర్వాలేదని గడి చేర్చాలి. పాత వరసలన్నీ నింపాలి. ఆ తర్వాతే తప్పనిసరి చెయ్యాలి. అప్పుడు కంప్యూటరు నోరెత్తదు.

సగం పేర్లు రిజిస్టరక్కకు నోటికి వచ్చు. మిగతా వాటికోసం అయిదు వారాలు, రోజూ భోజనాలయ్యాక ఫోను పట్టుకుని కూర్చుంది.

"పిల్లికి పేరేమిటమ్మా, పిల్లీ అంటే వస్తుంది" అన్నాడొకాయన.

"మిమ్మల్ని మనిషీ అంటే పలుకుతారా?"

ఆయన మర్నాడు తనే ఫోన్ చేసి, మిరియం అని రాసుకోమన్నాడు. ఇంకో ఇంట్లో మొగుడు బొంగరం అంటాడు, పెళ్లాం దూది అంటుంది. కుక్క దేనికీ పలకదు. వాళ్లు తేల్చుకునేసరికి నాలుగు రోజులు పట్టింది. ఒక పెద్దావిడ, "పోయిందమ్మా, కిందటి చలికాలం" అని ఇరవై నిమిషాలు దాని ముచ్చట్లే చెప్పింది. అక్క మధ్యలో అడ్డు రాలేదు. ఆ పేరూ గడిలో రాసింది.

చివరికి తొమ్మిది మిగిలాయి. వాటి యజమానుల నంబర్లు మారిపోయాయి. ఆ తొమ్మిదింటికీ తనే తీరిగ్గా పేర్లు పెట్టి, గడిని తప్పనిసరి చేసి, మార్పు ఎక్కించింది. ఈసారి కంప్యూటరు కిమ్మనలేదు.

రెండు నెలలకు ఒకాయన డబ్బాలో తాబేలును తెచ్చి, చీటీ తిప్పి తిప్పి చూశాడు. "ఈ నిదానం ఎవరండీ?"

"మీదేనండీ. మీరు దొరక్క ఆ పేరు నేనే పెట్టాను. వద్దంటే ఇప్పుడే మార్చేస్తాను."

ఆయన మూత తీసి, ఆ పేరుతో ఒకసారి మెల్లగా పిలిచి చూశాడు. తాబేలు తల బయట పెట్టలేదు.

"ఉండనివ్వండి" అన్నాడు. "ఏడేళ్లుగా దీన్ని ఏమనాలో తోచక ఊరుకున్నాను."

రిజిస్టరక్క ఆయన కొత్త నంబరు రాసుకుని, బల్లమీద డబ్బాకు చోటు చేసింది.