ఊరికే కడిగించిన గేటు రాళ్లు

కరోనా సద్దుమణిగి రేవుల్లో సరుకు మళ్లీ కదలడం మొదలైన ఏడాది, నవంబరు మొదటి వారంలో, మా కంపెనీ నన్ను ఒక విల్లా పనికి కొనుగోలు అధికారిగా వేసింది. కువైట్‌లో నాకది ఇరవై రెండో ఏడు, రిటైర్మెంటుకు ముందు చివరి పెద్ద పని. కొనుగోలు అధికారి అంటే బేరగాడే, కాకపోతే మెడలో కార్డు ఉంటుంది. ప్రొద్దుటూరులో మా నాయనది ఇత్తడి సామాన్ల కొట్టు. పొద్దున్నే బిందెలన్నీ చింతపండుతో తోమి, తళతళలాడించాకే తలుపులు తీసేవాళ్లం. మురికి సరుకు చూపిస్తే నాయన ఊరుకునేవాడు కాదు. ఆ అలవాటు నాతోపాటు విమానం ఎక్కింది.

విల్లా అబూ హలీఫా దాటాక, సముద్రం ఒడ్డున. యజమాని కువైటీ, ఇంగ్లండులో చదువుకున్నవాడు. అక్కడ ఆయన రోజూ నడిచే దారిలో పాత జమీందారీ బంగళా ఒకటి ఉండేదట. బంగళా ఎప్పుడో కూలిపోయింది. ప్రహరీ ముక్క, గేటు స్తంభాలు మిగిలాయి. రోడ్డు వెడల్పు కోసం వాటినీ తీసేస్తున్నారని తెలిసి ఆయన కొనేశాడు. రెండు స్తంభాలు, వాటికి అటూ ఇటూ కొంత గోడ, ఇనుప గేటు రెక్కలు. అన్నీ మూడు వందల ఏళ్ల నాటివి.

ఇలాంటి కట్టడం విప్పడానికి ఒక పద్ధతి ఉంది. ప్రతి రాయి మీదా వరసకో అక్షరం, ఆ వరసలో దాని స్థానానికో అంకె రాస్తారు. సి-ఏడు అంటే కింది నుంచి మూడో వరసలో ఏడో రాయి. రంగుతో రాస్తే మచ్చ మిగులుతుంది కాబట్టి నీళ్లకు పోయే సుద్దతో రాస్తారు. ఇదంతా సరుకుతో వచ్చిన ఫైలులో ఉంది. నేను మొదటి పేజీ చదివాను: ఎన్ని రాళ్లు, ఎంత బరువు. మిగతా పేజీలతో నాకేం పనని సొరుగులో పడేశాను.

రాళ్లను రేవు నుంచి మంగఫ్ దగ్గరి మా యార్డుకు చేర్చడానికి లారీలవాళ్లతో బేరం పెట్టాను. ఒక్క ఫిల్సు తగ్గలేదు. నేనా వదిలేవాణ్ణి? సరే, తగ్గించొద్దు, దించిన తర్వాత మీరు లారీలు కడిగే నీళ్ల ప్రెషర్ మిషనుతో శుభ్రంగా కడిగి పొమ్మన్నాను. ఒప్పుకున్నారు. నాయన చూసుంటే మెచ్చుకునేవాడనుకుంటూ ఆ సాయంత్రం గదికి పోయాను.

తెల్లారి ఓబులేసు ఫోన్ చేశాడు. అన్నమయ్య జిల్లావాడు, మా రాతిపని మేస్త్రీ, రాళ్లకు బాధ్యుడు.

"సార్, రాళ్ల మింద అంకెలు యాడబోయినాయి?"

యార్డుకు పోయి చూద్దును కదా, రాళ్లు కడిగిన బియ్యంలా ఉన్నాయి. ఇసుకలో తెల్లటి చారలు ఎండిపోయి ఉన్నాయి. రెండు స్తంభాలూ గోడా కలిపి ఒక్క రాళ్ల గుట్ట అయిపోయింది.

ప్రాజెక్ట్ మేనేజర్ ఈజిప్టు ఇంజనీరు. రాళ్లు ఎవరి చేతికింద ఉన్నాయని అడిగాడు. రిజిస్టరులో ఓబులేసు పేరుంది. కడగమన్నదెవరో చెప్పే కాగితం ఎక్కడా లేదు. "ఖలాస్" అన్నాడు, అయిపోయిందని. అతని ఇఖామా, అంటే కువైట్‌లో ఉండే అనుమతి, రద్దుకు కాగితం రాయించాడు. ఓబులేసు భార్య బ్నీద్ అల్ గార్‌లో ఒక ఇంట్లో పని చేస్తుంది. ఇతన్ని పంపేస్తే ఆమె ఇక్కడ ఒంటరిదైపోతుంది. అది తెలిసీ నేను నోరు మెదపలేదు. నాకింకా ఎనిమిది నెలలే ఉంది, అతను వయసులో ఉన్నవాడు, ఇంకోచోట పని దొరక్కపోదు, అని నాతో నేనే బేరమాడుకున్నాను. అంత నీచమైన బేరం నేను సంతలో కూడా ఆడలేదు.

గంట తర్వాత యార్డుకు పోతే ఓబులేసు గొంతుక్కూర్చుని రాళ్లను వేళ్లతో తడుముతున్నాడు. నేనే కడిగించానని చెప్పాను.

"నాకు తెలుసులే సార్," అన్నాడు తల ఎత్తకుండా. "ఊరికే వచ్చేది మీరు ఇడుస్తారా?"

పోయి మేనేజర్‌కూ చెప్పాను. ఆయన "ఇరవై రెండేళ్లు!" అన్నాడు, అంతే. అయిదు రోజుల్లో ఇంగ్లండు నుంచి, ఈ గేటు విప్పించిన నిపుణురాలు వస్తుంది, ఆలోపు రాళ్లు వరసకు వస్తే ఓబులేసు కాగితం చించుతానన్నాడు. ఇంగ్లండుకు రాసి అడుగుదామని ఆయనా అనలేదు, నేనూ అనలేదు. సిగ్గు.

ఓబులేసు రాళ్లను ఇసుకలో పడుకోబెట్టి వరసలు పేర్చాడు. వానకు తడిసిన బయటి ముఖంలో పాచి లోపలికి దిగి ఉంటుందట, అది కడిగినా పోదట. గేటు కొక్కేల కింది రాళ్లకు తుప్పు కారిన గీతలున్నాయి. గడియ ఎత్తున ఉన్న రాయి, తరాల తరబడి చేతులు తగిలి నున్నబడింది. అతను చెప్పినట్టు నేను గడ్డపారతో రాళ్లు తిప్పాను. "అట్ల కాదు సార్, ఎత్తి తిప్పల్ల. అది బేరానికి తిరగదు," అనేవాడు.

అయిదో రోజు నిపుణురాలు వచ్చింది. వరసల చుట్టూ తిరిగి, అంకెలేవని అడిగింది. చెప్పాం. ఆమె సంచిలోంచి ఒక ఫైలు తీసింది. నా సొరుగులో ఉన్నదే. చివరి పేజీల్లో ప్రతి రాయి ఫోటో, దాని మీద అంకెతో సహా ఉంది. ఇవి పంపాను కదా, ఎందుకు చూడలేదని అడిగింది. మేనేజర్ నా వైపు చూశాడు. నా సొరుగులోనే పడుందని చెప్పాను.

"మీ సొరుగులో ఇంగా ఏమేముండాయి సార్?" అన్నాడు ఓబులేసు.

ఫోటోలతో పోల్చి చూస్తే రెండు రాళ్లు మాత్రం అటుదిటు, ఇటుదటు అయ్యాయి. మేనేజర్ అక్కడే ఓబులేసు కాగితం చించాడు. నాకు హెచ్చరిక ఉత్తరం ఇచ్చాడు, న్యాయమే. స్తంభాలు ఇప్పుడు ఆ విల్లా ముందు నిలబడి ఉన్నాయి.

మిగిలిన ఎనిమిది నెలలూ ప్రతి ఫైలునూ చివరి పేజీ నుంచి చదివాను. నేను నేర్చుకున్నది అంతకంటే కొంచెం ఎక్కువ. ఊరికే చేయించుకున్న పనికి ఆర్డరు కాగితం ఉండదు. ఆర్డరు కాగితం లేని పనిలో తప్పు జరిగితే నింద, చేయించినవాణ్ణి వదిలేసి దగ్గర్లో నిలబడ్డవాడి మీద పడుతుంది. అందుకే ఆ తర్వాత ఉచితంగా చేస్తామన్న పనికి కూడా ఆర్డరు రాసి, కింద నా పేరు పెట్టాను.