మా బావ రాసిన ప్రోగ్రాం

రెండు వారాల కింద ఒకరోజు పొద్దున్నే మా అక్క ఫోన్ చేసింది. "మీ బావ ఎల్లిపోనాడ్రా" అంది, అంతే. స్టీల్ ప్లాంట్ డ్యూటీకి తయారై, బూట్లు వేసుకుంటూ అలాగే ఒరిగిపోయాడట. గుండెపోటు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. నాన్న ఆయన కోసం ఎంత ఏడుస్తాడో, రేపు నేను పోతే అంత ఏడుస్తాడా అనిపించింది. పోయినవాడి మీద కూడా అసూయే నాకు. అది దాచి ఆయన గురించి రాయలేను.

మాది సముద్రం మీద వేటకెళ్లే కుటుంబం. కంప్యూటర్లు చదివింది నేనొక్కణ్నే. ద్వారకా నగర్‌లో కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెబుతాను. ఉద్యోగం వచ్చిన కొత్తలో నాన్నకి అరచేతిలో పట్టే మ్యూజిక్ ప్లేయర్ కొనిచ్చాను. బోటు మీద రోజుల తరబడి ఉండే మనిషికి పాటలు తోడుంటాయని. ఆ ప్లేయర్‌ని మొదట ఏ కంప్యూటర్‌తో జత చేస్తే దానితోనే పనిచేసేది. వేరేదానికి తగిలిస్తే, ఉన్నవన్నీ చెరిపెయ్యమంటావా అని అడిగేది. జత చేసింది నా కంప్యూటర్‌తో. అందుకని వేటకెళ్లే ముందు నాన్న మా ఇంటికి వచ్చేవాడు. పాటలు ఎక్కేదాకా నా పక్కన కూర్చుని టీ తాగేవాడు. ఆ అరగంట కోసం నేను ఎదురుచూసేవాణ్ని.

బావ ఐటీఐ చదివాడు, ప్లాంట్‌లో కరెంటు రిపేర్లు చేసేవాడు. ఏ వస్తువు పాడైనా వెంటనే విప్పడు. ముందు చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. "మిషన్‌కి మొండితనం ఏటుంటాది బావా, దాని బాస మనకి రాలేదంతే" అనేవాడు. నన్ను కూడా ఆయన బావా అనే పిలిచేవాడు.

ఆయన ఇంట్లో కంప్యూటర్ లినక్స్ అనే వేరే రకం సాఫ్ట్‌వేర్‌తో నడిచేది. దానికి ప్లేయర్ పలకలేదని నాన్న అంటే, పుస్తకాలు తెచ్చుకుని నెలల తరబడి కూర్చున్నాడు. ఒక చిన్న ప్రోగ్రాం రాసి ప్లేయర్‌లోనే పెట్టాడు. ఇక ఏ రకం కంప్యూటర్‌కి తగిలించినా సరే, పాటలు ఎక్కించుకోవచ్చు.

నాన్న దాన్ని ఫిషింగ్ హార్బర్‌లో ఐస్ ప్లాంట్ ఆఫీసు కంప్యూటర్‌కి తగిలించి అందరికీ చూపించాడు. "మా అల్లుడు సేసినాడు!" మా ఇంటికి రావడం మానేశాడు.

బావ ఆ కోడ్ నాకు చూపించి, "నువ్వు సదూకున్నోడివి, తప్పులుంటే సెప్పు" అన్నాడు. ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు. "పర్లేదు" అన్నాను.

ఆ తర్వాత ఒకసారి నాన్న ఏదో పని మీద వస్తే, "దీంట్లో వైరస్ ఉంది నాన్నా" అని ప్లేయర్ తీసుకుని మొత్తం చెరిపేశాను. మళ్లీ నా కంప్యూటర్‌తో జత చేశాను. పోయేవి పాటలే కదా అనుకున్నాను. నాన్న చెవుల్లో పెట్టుకుని, బటన్లు నొక్కి నొక్కి వెతికాడు.

"మీ యమ్మ పాటేదిరా?"

అమ్మ పోయి అప్పటికి రెండేళ్లు. చేపలు ఏరుతూ తనలో తాను పాడుకుంటుంటే, బావ ఎప్పుడో ఫోన్‌లో రికార్డు చేశాడట. ఆ ఫోనూ లేదు. ఆ పాట ప్లేయర్‌లో ఉందని నాకు తెలియదు.

బావ ఇంటికి పరిగెత్తాను. పొరపాటున పోయిందన్నాను. ఆయన ప్లేయర్ తగిలించి, తెర చూసి, నా ముఖం చూశాడు. చెరిపింది నేనేనని ఆయనకి అర్థమైపోయింది.

"బయపడకు. నా సిస్టంకి తగిలించినప్పుడల్లా ఒక కాపీ తీసి పెడతాది." పాటలన్నీ ఎక్కించి, తన ప్రోగ్రాం మాత్రం పెట్టకుండా ప్లేయర్ నా చేతిలో పెట్టాడు. "నువ్వే ఇయ్యి మావకి. నాను సేసినానని సెప్పకు."

"ఎందుకు బావా?"

"మావ మీ ఇంటికొచ్చి సాన్నాళ్లయింది గదా."

నాన్న ఆ పాట విని నా తల నిమిరాడు. మళ్లీ రావడం మొదలుపెట్టాడు. వచ్చిన ప్రతిసారీ నాకు బావ మీద మంటే పెరిగింది. నాన్న పక్కన, బావ ఇచ్చిన చోట కూర్చున్నట్టుండేది.

పదో రోజు కర్మ అయ్యాక హార్బర్‌కి వెళ్లాను. నాన్న వల బాగుచేసుకుంటున్నాడు. జరిగిందంతా చెప్పేశాను. తల ఎత్తకుండా విన్నాడు.

"ఈ మాట ఆడికి సెప్పినావా, ఉన్నప్పుడు?"

"లేదు నాన్నా."

ఆయన చేతులు వల మీద ఆగిపోయాయి. ఎదురుగా ఒక బోటు ఐసు నింపుకుంటోంది. గడ్డలు ఒకదాని మీద ఒకటి పడుతున్న చప్పుడు ఇద్దరం వింటున్నాం.