కాలవ గట్టు మీద నేర్పిన సైకిల్

తెనాలిలో రేపల్లె బండి కదలబోతుండగా, పంచె కట్టుకున్న ఒక పెద్దాయన గేర్ల సైకిల్ని పైకెక్కించి మా సీటు పక్కన ఆనించాడు. దాని ముందు చక్రం వంకరపోయి ఉంది.

"దారికడ్డంగా పెట్టావేంటి బాబాయ్, మేం దీన్నెక్కి దూకాలా?" అన్నాడు పల్లీలమ్మే అతను. పెద్దాయన సైకిల్ని దగ్గరికి లాక్కున్నాడు.

నా ఒళ్ళో ఉన్న పాప పెడల్ అందుకోబోయింది. నేను దాని చెయ్యి లాగేశాను.

"పట్టుకోనివ్వమ్మా. మా అమ్మాయిది," అన్నాడు పెద్దాయన. తర్వాత తనే చెప్పాడు. ఆమె విశాఖలో ఉద్యోగం చేసేది. సెలవుల్లో స్నేహితులతో అడవిలోకి వెళ్ళి, కొండల మీది సన్నని బాటల్లో నడిచేది, సైకిల్ తొక్కేది. అంతకు ముందు నెల ఒక నిటారు దిగుడులో ముందు బ్రేకు గట్టిగా నొక్కింది. ముందు చక్రం ఆగిపోయి వెనకది పైకి లేచింది. ఆమె సైకిల్ మీంచి ఎగిరి రాళ్ళ మీద పడి చనిపోయింది.

"భట్టిప్రోలు కాలవ గట్టు మీద నేనే నేర్పానమ్మా. మా బురదకి వెనక బ్రేకు పట్టదు. ఏదన్నా అడ్డమొస్తే ముందుదే గట్టిగా నొక్కమన్నాను. మనవైపు దిగుడెక్కడుంది?"

"మీ తప్పేముందండి," అన్నాను.

"మరి నేర్పిందెవరమ్మా?" అని, నిజంగానే జవాబు కోసం నావైపు చూశాడు.

భట్టిప్రోలులో దిగి, వంకర చక్రాన్ని పైకెత్తి పట్టుకుని, వెనక చక్రం మీద సైకిల్ని నడిపించుకుంటూ వెళ్ళాడు.

ఇప్పుడు పాపకి నాలుగేళ్ళు. నేనేం చెబితే అదే చేస్తుంది. ఇవాళ రోడ్డు ఎలా దాటాలో చెప్పాను. "సరేనమ్మా" అని తలూపి పడుకుంది. ఏం చెప్పానో ఒక్కో మాటే సరిచూసుకుంటూ నేనింకా కూర్చునే ఉన్నాను.